మొదటి ముక్క

ఆదివారం పొద్దున మా అల్లుడు దినేశ్ ఆటోలోంచి ఆ నల్లటి పొయ్యిని దించగానే మా ఆయన తిరుపతయ్య మొహం మాడిపోయింది. అప్పటికి దాంట్లో బొగ్గు కూడా వెయ్యలేదు.

మూడు కాళ్లు, గుండ్రటి బొజ్జ, నెత్తిన మూత, లోపల ఇనుప జాలీ. ఆరుబయట పెట్టుకుని మాంసం, కూరగాయలు కాల్చుకునే బార్బెక్యూ పొయ్యి అది. దినేశ్, మా బిడ్డ శ్రీవల్లి సూరత్‌లో ఆల్థాన్ అనే పేటలో ఉంటారు. వాళ్ల అపార్ట్‌మెంట్ సొసైటీ అంతా శాకాహారులే, కోడిగుడ్డు వాసన వచ్చినా సెక్రటరీ వచ్చి తలుపు కొడతాడు. ఇక మేడ మీద కోడినే కాలుస్తామంటే ఊరుకుంటాడా? కొన్న రోజు నుంచి పాపం ఆ పొయ్యి వాళ్ల బాల్కనీలో ముసుగేసుకుని కూర్చుంది. అందుకని భేస్తాన్ పేటలో మా డాబా మీదికి తెచ్చారు. మా గల్లీ నిండా మగ్గాల మీద బతికే మన తెలుగువాళ్లే. ఆదివారం ఎవరింట్లోనైనా మాంసం ఉడకలేదంటే ఒంట్లో బాగాలేదా అని పరామర్శించే రకం.

మా ఆయన పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగాడు. మూత ఎత్తి లోపలికి తొంగి చూశాడు. వేలితో తట్టాడు.

"రెండు ఇటుకలు పెడితె అయ్యే పనికి గింత పెద్ద మషీనా, అల్లుడా?" అన్నాడు.

"ఇయ్యాల మీకు రెస్టు మామా. మీరు జర కూర్చోండ్రి. పనంతా నేను చేస్త" అన్నాడు దినేశ్.

పాపం, అతను మంచికే అన్నాడు. ఆ మాట మా ఆయనకు ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసు. సూరత్‌లో మా కులపోళ్ల దావత్ ఎక్కడ జరిగినా, అది అమ్రోలిలో అయినా ఇక్కడయినా, నిప్పు దగ్గర నిలబడేది తిరుపతయ్యే. యాట తలకాయ కాల్చాలన్నా, ఇనుప చువ్వలకు కండ ముక్కలు గుచ్చి సీకులు కాల్చాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. మగ్గాల కార్ఖానాలో ఆయన మాట వినేవాళ్లు లేరు. ఇంట్లో అసలే లేరు. నిప్పు దగ్గర మాత్రం పెద్దమనుషులు కూడా పళ్లెం పట్టుకుని ఆయన పిలుపు కోసం నిలబడతారు.

ఎవరు నిలబడ్డా సీకు మీది మొదటి ముక్క మాత్రం శ్రీవల్లిది. దానికి పాలపళ్లు వచ్చినప్పటి నుంచి అదే వరస. ముక్క తీసి, ఊది, చల్లార్చి, బిడ్డ నోట్లో పెట్టాకే ఊరందరికీ. పెళ్లయి వెళ్లాక కూడా వచ్చినప్పుడల్లా అది నోరు తెరుస్తుంది, ఈయన పెడతాడు. పక్కన నేను ఉప్పు, నిమ్మకాయ అందిస్తూ నిలబడతాను.

ఇప్పుడు శ్రీవల్లికి ఐదో నెల. అందరికీ తగ్గే వేవిళ్లు దానికి తగ్గలేదు. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. చెంపలు పీక్కుపోయాయి. పోయిన వారం ఫోన్ చేసి, "నాయినా, నీ చేతి సీకులు తినబుద్ధి అయితున్నది" అంది. ఇక చూడండి ఈ మనిషి సంబరం. చువ్వలు దులిపి, నిమ్మచెక్కతో తోమి, గోడకు ఆనించి పెట్టాడు. నా బిడ్డ నా చేతి సీకులు అడిగిందని కార్ఖానాలో ప్రతి మగ్గం దగ్గరా ఆగి చెప్పాడు. అడిగినా చెప్పాడు, అడగకపోయినా చెప్పాడు. తీరా ఆదివారం వచ్చేసరికి అల్లుడు పొయ్యితో సహా దిగాడు. బిడ్డ అడిగింది నాన్నను, ఏర్పాటు చేసింది మొగుడు. మా ఆయన కళ్లలో నిప్పులు పోసుకున్నాడంటే పోసుకోడా మరి.

డాబా మీద దినేశ్ పని చూస్తుంటే నాకే విడ్డూరంగా అనిపించింది. మొదట గాలి ఎటు వీస్తుందో చూశాడు. పొయ్యిని గోడకు దూరంగా జరిపాడు. తీగ మీద ఆరేసిన నా చీరలన్నీ తీయించాడు.

"నిప్పురవ్వ పడితే పాలిస్టర్ చీర క్షణంల అంటుకుంటది, అత్తమ్మా" అన్నాడు.

"ముప్పై ఏండ్ల సంది పాలిస్టర్ నేస్తున్నం. మాకు చెప్తున్నడు" అని మా ఆయన గొణిగాడు, నాకు మాత్రమే వినపడేలా.

తర్వాత ఒక బకెట్ నీళ్లు, ఒక తట్టెడు ఇసుక పొయ్యి పక్కన పెట్టాడు. కూరగాయలు కోయడానికి ఒక చెక్క, కోడికి ఇంకో చెక్క. పచ్చి ముక్కలకు ఒక పళ్లెం, కాలిన వాటికి ఇంకో పళ్లెం. పట్కార్లు కూడా రెండు రకాలు. పచ్చి మాంసం ముట్టినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుగుతాడు. మసాలా పట్టించిన కోడిముక్కలు కింద వంటింట్లో ఐసు డబ్బాలో ఉంచాడు, నిప్పు సిద్ధమయ్యేదాకా పైకి తేనని.

"ఇది వంటనా, ఆపరేషనా?" అన్నాడు మా ఆయన, ఈసారి అందరికీ వినపడేలా.

శ్రీవల్లి నవ్వింది. తండ్రి మాటకే నవ్వింది గానీ చూపు మొగుడి మీద ఉంది. మా ఆయన ఆ చూపును కూడా లెక్కలో వేసుకున్నాడు.

పిట్టగోడ అవతల డాబా మా పక్కింటి బాలవ్వది. ఆమెకు మా ఇంట్లో ఏం జరుగుతున్నా బట్టలు ఆరేసే పని గుర్తొస్తుంది. ఆ రోజూ బకెట్‌తో వచ్చింది.

"అల్లునితోని వంట జేయిస్తున్నవా భూదేవీ? మామ కూసున్నడు, అల్లుడు నిలవడ్డడు. మంచిగనే ఉన్నది" అంది.

ఆమె మాటలు అంతే. పైకి బెల్లం, లోపల కారం. ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్లాయన పరమేశ్వర్ ఆమెను స్కూటర్ మీద డుమ్మస్ సముద్రానికి తీసుకుపోతాడు. సోమవారం పొద్దున్నే నాకు ఆ ముచ్చట వినిపించకపోతే ఆమెకు చాయ్ దిగదు. అక్కడ పకోడీలు ఎవరు తినిపించారో, గాలికి కొంగు ఎగిరితే ఎవరు పట్టుకున్నారో, అన్నీ చెబుతుంది. నేను ఊఁ కొడుతూ బట్టలు గట్టిగా పిండుతాను. మా ఆయన నన్ను డుమ్మస్ సంగతి అటుంచి, గల్లీ మొగదల దాకా కూడా ఎప్పుడూ తీసుకుపోలేదు.

దినేశ్ గాలికి ఎగువన కుర్చీ వేసి, వెనక దిండు పెట్టి, శ్రీవల్లిని కూర్చోబెట్టాడు. పొగ నీ వైపు రాదు అని చెప్పాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. నాకెవరూ కుర్చీ వెయ్యలేదు.

బొగ్గులు తొందరగా అంటుకోలేదు. చెమ్మ పట్టినట్టున్నాయి. దినేశ్ కాగితాలు, ఎండు పుల్లలు పెట్టి, ఓపికగా విసిరాడు. ఎంతో సేపటికి ఒక పక్క మాత్రం రాజుకుని పైన తెల్లటి బూడిద కమ్మింది. ఆ పక్క జాలీ మీద వంకాయ చక్రాలు, ఉల్లిగడ్డలు, క్యాప్సికం, మొక్కజొన్న కంకులు పరిచాడు. రెండో పక్క బొగ్గులు నల్లగా అలాగే ఉన్నాయి.

"కిరసనాయిల్ చుక్క పొయ్యరాదు" అన్నాడు మా ఆయన.

"వద్దు మామా. ఆ వాసన కూరకు పడుతది. అది తిన్నా, పీల్చినా శ్రీవల్లికి మంచిది కాదు. కొంచెం ఆగుదాం" అని, దినేశ్ ఐసు డబ్బా తేవడానికి కిందికి దిగాడు.

మా డాబా మూలన నీళ్ల పొయ్యి ఉంది. స్నానానికి నీళ్లు దాని మీదే కాగుతాయి. దాని పక్కన ఒక సంచి. సంచి నిండా చిందీ, అంటే మగ్గాల దగ్గర తెగిపడిన దారాలు, అంచుల పీలికలు. కార్ఖానా నుంచి ఊరికే వస్తాయి. అగ్గిపుల్ల చూపిస్తే చాలు భగ్గున లేస్తాయి. మా అత్త ఊళ్లో ఉన్నప్పుడు నూలు చిందీతోనే పొయ్యి ముట్టించేదట. కొడుక్కి ఆ చెయ్యి వచ్చింది. నూలు పోయి పాలిస్టర్ వచ్చినా చెయ్యి మారలేదు. స్నానం నీళ్లకు పొగ ఎక్కితే ఎవరికి పట్టింది గనక.

మా ఆయన లేచాడు. సంచిలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీశాడు. నేను చూస్తూనే ఉన్నాను, కానీ నోరు తెరిచే లోపలే దాన్ని నల్లబొగ్గుల కిందికి తోసేశాడు.

"అల్లుడు మీదికొచ్చే వరకు నిప్పు తయారుండాలె" అన్నాడు గర్వంగా.

మంట మనిషెత్తు లేచింది. వెంటనే నల్లటి పొగ. మామూలు పొగ కాదు, జిగురుగా, గొంతుకు అంటుకునే పొగ. కాలే దారం బొట్లు బొట్లుగా కరిగి జాలీ మీద, బొగ్గుల మీద పడింది. గాలి కూడా అప్పుడే తిరగాలా, పొగంతా శ్రీవల్లి మొహం మీదికి పోయింది. అది దగ్గుతూ లేచి, తూము దగ్గరికి పరిగెత్తి, పొద్దున తాగిన పాలు మొత్తం కక్కేసింది. అవతల బాలవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

దినేశ్ ఐసు డబ్బాను మెట్ల మీదే వదిలేసి వచ్చాడు. ముందు పొయ్యికి మూత పెట్టి, గాలి రంధ్రాలు మూసేశాడు. తర్వాత శ్రీవల్లి దగ్గరికి పోయి నుదురు పట్టుకున్నాడు. జుట్టు వెనక్కి తీసి, నీళ్లు పుక్కిలింపజేసి, తన తువ్వాలుతో మూతి తుడిచాడు. కక్కినదంతా తనే నీళ్లు పోసి కడిగాడు. అల్లుడు, అత్తగారింట్లో, అందరూ చూస్తుండగా.

"నాదే తప్పు. బొగ్గు సంచిల ప్లాస్టిక్ ఏదో కలిసినట్టున్నది. నేను ముందే చూసుకోవాల్సింది" అన్నాడు.

కూరగాయలన్నీ పారబోశాడు. ఆ బొగ్గులన్నిటినీ ఇసుక తట్టలో దింపి, నీళ్లు పోసి ఆర్పాడు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అలాగే నిలబడి ఉంటే నేనూ ఊరుకునేదాన్ని. కాసేపయ్యాక గొంతు సవరించుకుని, "నేను ముందే చెప్పిన గదా, రెండు ఇటుకలు చాలని. మషీన్లను నమ్ముకుంటె గిట్లనే ఉంటది" అన్నాడు.

అప్పుడు నాకు మండింది.

జాలీ తోమడానికి నేను తీసుకున్నాను. పీచుతో ఎంత రుద్దినా ఒక చోట గట్టిగా, నల్లగా, మిరియపు గింజంత ఉండ అంటుకుని ఉంది. కత్తి మొనతో పెరికి తీశాను. అదేమిటో మా ఇళ్లల్లో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. దారం అసలుదా నకిలీదా తేల్చుకోవడానికి అగ్గిపుల్ల వెలిగించి చూస్తాం. నూలు బూడిదవుతుంది. పాలిస్టర్ ఉండ కడుతుంది. ఆ ఉండను కొంగు చివర ముడేసుకున్నాను.

అప్పుడే చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. అల్లుడి ముందు మొగుడి పరువు తియ్యడానికి నోరు రాలేదనుకోండి. అది సగమే. మిగతా సగం ఏమిటంటే, నా చూపు శ్రీవల్లి నుదుటి మీద ఉంది. దినేశ్ అరచెయ్యి ఇంకా అక్కడే ఉంది. మీరు ఏమైనా అనుకోండి, కన్నబిడ్డ మీద నాకు ఈర్ష్య పుట్టింది. దాన్ని కడుపులో మోస్తున్నప్పుడు నేనూ ఇలాగే కక్కాను, కార్ఖానాలో, ఈయన మగ్గానికి పడుగు దారం చుట్టిన బీము పక్కనే. ఈ మనిషి పరిగెత్తుకుని వచ్చి, "బీము మీద పడనియ్యకు, దారం ఖరాబయితది" అన్నాడు. నేను తల పక్కకు తిప్పుకుని నేల మీద కక్కి, నేనే తుడిచాను. ఇన్నేళ్లూ ఆ సంగతి గుర్తు లేదు. అల్లుడి చెయ్యి చూసేసరికి నిన్నటిలా గుర్తొచ్చింది.

దినేశ్ మళ్లీ కొత్త బొగ్గులు పోసి, మళ్లీ ఓపికగా ముట్టించాడు. ఈసారి బాగానే అంటుకున్నాయి. బూడిద కమ్మాక అంచుల్లో కొత్తగా కోసిన వంకాయలు, ఉల్లిగడ్డలు, మిగిలిన కంకులు పెట్టాడు, మధ్యలో కోడిముక్కలు. మంట ఎగిస్తే ముక్కను పక్కకు జరుపుతాడు. మాడిన అంచుల్ని గీకేస్తాడు. ఒక్కో ముక్కను కత్తితో చీల్చి లోపల చూసి గానీ పళ్లెంలో వెయ్యడు.

మా ఆయన ఇక ఆగలేకపోయాడు. తాను తెచ్చి ఐసు డబ్బాలో పెట్టిన యాట కండ ముక్కలు చువ్వలకు గుచ్చి, అల్లుణ్ణి భుజంతో నెట్టినంత పని చేసి, జాలీ మీద పరిచాడు. దావత్‌లో చేసినట్టే ఎర్రటి నిప్పు మీద చకచకా తిప్పాడు. పైన నల్లగా చుక్కలు పడి, కొవ్వు చిటపటలాడి, వాసన గల్లీ అంతా పోయింది. ఆ వాసనకు శ్రీవల్లి కుర్చీలో ముందుకు జరిగింది. మా ఆయన మొహం వెలిగింది. చువ్వ మీది మొదటి ముక్క లాగి, ఉప్పులో అద్ది, నిమ్మరసం పిండి, ఊదుకుంటూ బిడ్డ దగ్గరికి పోయాడు.

"నోరు తెరువు, బిడ్డా."

శ్రీవల్లి నోరు తెరవలేదు. చెయ్యి చాపి ముక్కను అందుకుంది. రెండు వేళ్లతో విప్పి చూసింది. లోపల ఎర్రగా, తడిగా ఉంది.

"లోపల పచ్చిగున్నది నాయినా. ఇంకింత కాల్చు" అంది.

"గట్లనే ఉండాలె. గప్పుడే మెత్తగుంటది. చిన్నప్పటి సంది గిదే తిన్నవ్."

"అప్పుడు నేనొక్కదాన్నే. ఇప్పుడు ఇద్దరం. సగం కాలిన కూర అసలే ముట్టుకోవద్దన్నది డాక్టరమ్మ. కడుపుల బిడ్డకు రోగమొస్తదట."

మా ఆయన కూతురి వైపు కాదు, అల్లుడి వైపు తిరిగాడు. "డాక్టరమ్మ గాదు. గిదంత నువ్వు నూరిపోసినవ్. నా బిడ్డకు నా చెయ్యి మీద నమ్మకం లేకుండ జేసినవ్. మీ మషీను, మీ పట్కార్లు, మీరే కాల్చుకోండ్రి" అని ఆ చువ్వను అక్కడే పడేసి మెట్ల వైపు నడిచాడు. శ్రీవల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతిలో ఆ ముక్క అలాగే ఉంది. అది ఆ పూట ఏమీ తినకుండానే ఆల్థాన్ పోతుందని నాకు అర్థమైంది.

నేను మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. కొంగు ముడి విప్పి, నల్లటి ఉండను ఆయన అరచేతిలో పెట్టాను.

"పోయే ముందు ఇది సూసి పో."

ఆయన చూశాడు. దినేశ్‌కు అదేమిటో అర్థం కాలేదు. శ్రీవల్లి లేచి వచ్చి చూసింది. అది నేతోళ్ల బిడ్డ.

"నాయినా, చిందీ ఏసినవా?"

దినేశ్ మధ్యలోకి వచ్చాడు. "పోనియ్యి శ్రీవల్లీ. నేను ఆలస్యం చేసిన గదా, అందరికీ ఆకలైతున్నదని వేసిండ్రు. అంతే."

పుండు మీద కారం చల్లినా మా ఆయన అంత విలవిల్లాడేవాడు కాదు. మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆకలి గాదు, అల్లుడా" అన్నాడు. "ఓర్వబుద్ధి గాలే. అది అడిగింది నన్ను. వారం సంది చువ్వలు తోముకుంట కూసున్న. నువ్వేమో మషీన్ పట్టుకొచ్చి, నాకు రెస్టంటివి. నాకు ఉన్నది ఇదొక్కటే పని. ఇది గూడ నీదేనాయె."

శ్రీవల్లి పోయి నేల మీది చువ్వను పక్కన పెట్టి, జాలీ మీద మిగిలిన సీకుల్లోంచి ఒకటి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"నేనడిగింది నీ సీకులే. గీ మాట నీ అల్లుణ్ణి గూడ అడుగు. నువ్వు కాల్చు, కోసి చూసి పెట్టు. గంతే."

దినేశ్ తన కత్తిని పిడి వైపు తిప్పి మామకు అందించాడు. "నిప్పు నాకు కొత్త, మామా. కూర ఉడికిందా లేదా చూసుడు మాత్రం నేర్చుకున్న. మీ ఉప్పు కారం నాకు రాదు."

మా ఆయన లేచాడు. చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో. నిప్పు దగ్గర నిలబడి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎంత సేపుంచాలె?"

"ఎంత సేపని కాదు. లోపల ఎరుపు పోవాలె, ఎర్రనీళ్లు కారొద్దు. మంట మీద కాకుండ, ఈ పక్కకు పెట్టి మూతేస్తే మాడకుండ లోపలిదాకా ఉడుకుతది."

దావత్‌లన్నిటిలో నిప్పుకు పెద్దమనిషి, అల్లుడు చెప్పిన చోట చువ్వలు పెట్టి మూత వేశాడు. ఆగాడు. తీశాడు. కోసి చూశాడు. ఇంకొంచెం ఆగాడు. చివరికి ముక్క ఊదుకుంటూ తెచ్చి, కోసిన చోటు బిడ్డకు చూపించాడు. అది నోరు తెరిచింది. ఆ తర్వాత ఇంకో ముక్క, వంకాయ, కంకి, మళ్లీ సీకు. మేమందరం ఊపిరి బిగబట్టి దాని మొహమే చూశాం. కక్కలేదు. నెలల తర్వాత నా బిడ్డ కడుపు నిండా తిన్నది. దేవుడికి దండం పెట్టుకున్నాను.

దండమైతే పెట్టుకున్నాను గానీ, లోపల మంట చల్లారలేదు. దినేశ్ దాని పళ్లెంలో ఎముకలు తీసి పెడుతున్నాడు. మా ఆయన దానికి నీళ్లందిస్తున్నాడు. ఒక మనిషికి ఇద్దరు. నేను ఒక పక్కన పచ్చి మాంసం పళ్లేలు వేడినీళ్లతో తోముతున్నాను. "అత్తమ్మా, మీరు గూడ తినుండ్రి" అని దినేశ్ రెండుసార్లు అన్నాడు. అడగాల్సిన మనిషి అడగలేదు.

ఎండ దిగింది. బిడ్డా అల్లుడూ కిందికి పోయి నడుం వాల్చారు. మా ఆయన నా దగ్గరికి వచ్చాడు, మీసం మీద చెయ్యేసుకుని.

"సూసినవా? నా చేతి ముక్కనే ముందు తిన్నది."

"సూసిన" అన్నాను. "అది పుట్టిన సంది సూస్తున్న. నాకెప్పుడన్న ఒక ముక్క పెట్టినవా?"

"నిన్నెవరు వద్దన్నరు? తీసుకొని తినరాదు."

"అది నా కడుపుల ఉన్నప్పుడు నీ మగ్గం కాడ కక్కిన. ఏమన్నవో యాదికున్నదా?"

ఆయన నా వైపు చూశాడు. ఇయ్యాల అల్లుడు ఏం చేశాడో, ఆనాడు తానేమన్నాడో, రెండూ ఒకేసారి గుర్తొచ్చినట్టున్నాయి. మీసం మీది చెయ్యి దిగింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కిందికి పోయి పడుకుంటాడనుకున్నాను. నేను బొగ్గుల మీద నీళ్లు పొయ్యడానికి బకెట్ తీసుకున్నాను.

"ఆగు" అన్నాడు వెనక నుంచి.

ఐసు డబ్బాలో మిగిలిన కండ ముక్కలు చువ్వకు గుచ్చి, జాలీ మీద పెడుతున్నాడు. కాసేపటికి ఒక ముక్క లాగి, ఉప్పులో అద్ది, ఊదుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇగో. మొదటిది."

నోరు తెరిచేదాన్నే. ముప్పై ఏళ్ల ఆకలి అది. కానీ చెయ్యి చాపి ముక్క అందుకున్నాను. కత్తితో చీల్చి చూశాను. లోపల ఎర్రగా ఉంది.

"పచ్చిగున్నది. కాల్చుకరాపో."

నా కోసం ఆ మనిషి ఒక పనిని రెండోసారి చెయ్యడం నేను పుట్టాక చూడలేదు. ముక్క తీసుకుని వెనక్కి పోయాడు. ఆ ముక్కను మళ్లీ జాలీ మీద పెట్టాడు. నిప్పు కునికిపాట్లు పడుతోంది. అట్టముక్క తీసుకుని, వంగి, విసరడం మొదలుపెట్టాడు. నేను పోయి శ్రీవల్లి కుర్చీలో, దిండుకు ఆనుకుని కూర్చున్నాను.

పిట్టగోడ అవతలికి బాలవ్వ వచ్చింది, ఆరిన బట్టలు తియ్యడానికి. డుమ్మస్ పోవడానికి మంచి చీర కట్టుకుని ఉంది.

"తిరుపతన్న ఇంక ఏం గాలుస్తున్నడే? అందరు తిన్నరు గద."

"నాకు" అన్నాను, కొంచెం గట్టిగానే. "నా కోసం కాలుస్తున్నడు. మొదటి ముక్క."

బాలవ్వ బట్టలు తీయడం ఆపి, గోడ మీద చేతులు పెట్టి నిలబడింది. కింద పరమేశ్వర్ స్కూటర్ హారన్ కొడుతున్నాడు. ఆమె వినిపించుకోలేదు. మా ఆయన ముక్కను కోసి, వెలుతురుకు పట్టి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ నిప్పు మీద పెట్టాడు.

"తొందరేం లేదు" అన్నాను. "మంచిగ కాలనియ్యి."

బాలవ్వ ఇంకా చూస్తూనే ఉంది.